పల్నాటి ఎండ చేసే రసాయన వింత

మన రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ ఊరేదని అడిగితే చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా రెంటచింతల అని చెబుతారు. గుంటూరు నుంచి మాచర్ల పోయే రైలు దారిలో, గురజాల దాటిన తరువాత వచ్చే ఈ ఊరి పేరు వేసవి వచ్చిందంటే పత్రికలకు ఎక్కుతుంది. కింద సున్నపురాతి నేల, నెత్తిన నిప్పులు చెరిగే సూర్యుడు. పల్నాడు అనగానే బ్రహ్మనాయుడూ, నాగమ్మా, కోడిపోరూ, కారెంపూడి తిరునాళ్ళూ తలపుకు వస్తాయి. వాటి వెంటనే తలపుకు వచ్చేది ఈ ఎండే.

ఎండ చేసే పనులు శాస్త్రజ్ఞులకంటె ముందు మన గృహిణులకే తెలుసు. రంగు చీరె నాలుగుసార్లు మిట్టమధ్యాహ్నం ఆరవేస్తే వెలిసిపోతుంది. కళ్ళంలో మిరపకాయ అవసరానికి మించి ఎండితే ఎరుపు తగ్గి పాలిపోతుంది. కొన్నవాడు ధర తగ్గిస్తాడు. వీటినిబట్టి, ఎండ రంగును తీసివేస్తుందన్న నమ్మకం మనకు ఏర్పడింది. అది చాలామట్టుకు నిజమే.

మరి ఇంటి ముందు వసారాకు వేసిన ప్లాస్టిక్ రేకు సంగతేమిటి? కొత్తలో అది అద్దంలాగా ఉంటుంది. ఆకాశం కనబడుతుంది, వాన చినుకులు లెక్కపెట్టుకోవచ్చు. కొన్ని వేసవులు గడిచేసరికి దానికి లేత పసుపు దిగుతుంది. ఆ పైన అది ముదిరి, గోధుమ వన్నెకు తిరిగి, ఒకనాడు చిన్న దెబ్బకే ఫెళ్ళున విరుగుతుంది. ఉన్న రంగును తీసివేసే ఎండ, లేని రంగును ఎక్కడినుంచి తెచ్చి పూసింది?

రసాయనశాస్త్రం పాఠం చెప్పుకొని బ్రతికినవాణ్ణి కావడం వల్ల ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. దీనికి సమాధానం చెప్పాలంటే కంటికి కనబడని ఒక చిన్న విడాకుల కథ, వెంటనే జరిగే మారుమనువు కథ చెప్పాలి. ఆ కథకు శాస్త్రంలో పెట్టిన పేరు ఫోటో-ఫ్రీస్ పునర్విన్యాసం. పేరు చూసి భయపడనక్కరలేదు. సంగతి తిరునాళ్ళంత తేలిక.

వేడి వేరు, వెలుగు వేరు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. రేకును పచ్చగా చేసేది రెంటచింతల వేడి కాదు, వెలుగు. వేడి తోడుపడుతుందేగాని, పని మొదలుపెట్టేది వెలుగే.

వెలుగు చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. ఒక్కొక్క పొట్లంలో ఎంత బలం ఉన్నదో ఆ వెలుగు రంగునుబట్టి ఉంటుంది. ఎరుపులో తక్కువ, ఊదాలో ఎక్కువ, ఊదాకు అవతల కంటికి ఆనని అతినీలలోహిత కిరణాలలో ఇంకా ఎక్కువ. 300 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి, రసాయనికులు వాడే మోల్ లెక్కలో, సుమారు 95 కిలోకాలరీల బలం ఉన్నది. నలభై ఆరు డిగ్రీల ఎండలో నిలబడ్డ వస్తువులోని అణువులకు వేడి వల్ల దక్కే బలం అదే లెక్కలో 0.6 కిలోకాలరీ చిల్లర మాత్రమే. నూరు రెట్లకు పైగా తేడా! వేడి అణువులను అటూ ఇటూ కుదుపుతుంది. వెలుగు పొట్లం తగిలిందంటే గొడ్డలి దెబ్బే. అణువులోని బంధం తెగిపోవచ్చు.

అదృష్టవశాత్తూ మన తలమీద ఓజోను పొర ఉన్నది. సుమారు 290 నానోమీటర్లకు దిగువనున్న ప్రమాదకరమైన కిరణాలను అది నేలకు రానివ్వదు. ఆపైన మిగిలినవాటిలో కొన్నిటిని మామూలు కిటికీ అద్దం ఆపుతుంది. కాబట్టి గదిలో అద్దం వెనుక ఉన్న వస్తువుకూ, ఆరుబయట ఉన్న వస్తువుకూ వచ్చే ఎండ ఒకటి కాదు. ఈ తేడా ముందుముందు మనకు పనికివస్తుంది.

ఆరు మూలల ఇల్లు

ఆమ్లమూ, ఆల్కహాలూ కలిసి, మధ్యలో ఒక నీటి బొట్టును వదిలివేసి ఒకటైతే పుట్టే పదార్థాన్ని ఎస్టరు అంటారు. అరటిపండు వాసనా, అనాసపండు వాసనా ఎక్కువగా ఎస్టర్ల చలవే. ఆల్కహాలు బదులు ఫీనాలు జాతి పదార్థం వచ్చి కలిస్తే అది ఆరోమాటిక్ ఎస్టరు. ఫీనాలు జాతికి గుర్తు బెంజీన్ వలయం. ఆరు కర్బన పరమాణువులు చేతులు పట్టుకొని కట్టిన ఆరు మూలల ఇల్లనుకోండి. ఒక మూలకు ఆక్సిజన్ అనే ద్వారం ఉన్నది. ఆ ద్వారానికి ఆమ్లం తాలూకు ముక్క, అసైల్ అనే చుట్టం, వేలాడుతూ ఉంటుంది.

ఈ ఎస్టరు మీద అతినీలలోహిత కిరణం పడినప్పుడు ద్వారానికీ చుట్టానికీ మధ్య ఉన్న బంధం పుటుక్కున తెగుతుంది. రెండు ముక్కలు ఏర్పడతాయి. రెండింటికీ జత లేని ఎలక్ట్రాన్ ఒక్కొక్కటి మిగులుతుంది. జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క ఊరుకోదు, దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది.

తిరునాళ్ళలో చెయ్యి జారినట్టు

ఇక్కడ మన నరసరావుపేట పక్కనున్న కోటప్పకొండ తిరునాళ్ళను తలచుకుందాం. శివరాత్రి నాడు ప్రభల మధ్య, ఇసుక వేస్తే రాలనంత జనంలో, అన్నయ్య చెయ్యి పట్టుకొని నడుస్తున్న తమ్ముడి చెయ్యి జారింది. తమ్ముడు ఎక్కడికి పోగలడు? చుట్టూ జనం గోడ కట్టినట్టు ఉన్నారు. ఇద్దరూ జానెడు దూరంలోనే ఒరుసుకుంటూ ఉంటారు. మరుక్షణం తమ్ముడు మళ్ళీ పట్టు దొరికించుకుంటాడు. అయితే ఆ పట్టు వెనకటి చెయ్యే కానక్కరలేదు. భుజం కావచ్చు, చొక్కా కావచ్చు.

అణువులో జరిగేదీ ఇదే. తెగిపోయిన రెండు ముక్కల చుట్టూ ద్రావణి అణువులు జనంలాగా క్రిక్కిరిసి ఉంటాయి. ఈ చెరను శాస్త్రజ్ఞులు ద్రావణి పంజరం అంటారు. ఆ పంజరంలో చుట్టం మళ్ళీ ఇంటిని పట్టుకుంటుంది. పాత ద్వారాన్నే పట్టుకుంటే ఏ మార్పూ లేదు, అణువు మునుపటిలాగే ఉంటుంది. ద్వారానికి ఆనుకొని ఉన్న పక్క మూలనో, సరిగ్గా ఎదురుగా ఉన్న మూలనో పట్టుకుంటే కొత్త అణువు పుడుతుంది. మిగతా రెండు మూలలకు ఎందుకు పోదు? బంధం తెగినప్పుడు వలయానికి దక్కిన ఒంటరి ఎలక్ట్రాన్ ద్వారం దగ్గరా, రెండు పక్క మూలల దగ్గరా, ఎదురు మూల దగ్గరా మాత్రమే తచ్చాడుతుంది. చుట్టం వెతికేది ఆ ఎలక్ట్రాన్‌ను. అది లేని గుమ్మం తొక్కి లాభమేమిటి?

జనం పలచబడితే తమ్ముడు నిజంగానే తప్పిపోతాడు. అలాగే పంజరంనుంచి జారిపోయిన ముక్క మరొక అణువునుంచి హైడ్రోజన్‌ను లాక్కొని, వట్టి ఫీనాలుగా మిగిలిపోతుంది. అందువల్ల ఈ చర్యలో ఎప్పుడూ మూడు సరుకులు కలిసి వస్తాయి: పక్క మూల పదార్థం, ఎదురు మూల పదార్థం, ఫీనాలు.

ఇందులో విశేషమేమంటే, పునర్విన్యాసం జరిగిన అణువును తూకం వేస్తే వెనకటి బరువే. ఒక్క పరమాణువు రాలేదు, ఒక్కటీ పోలేదు. చోటు మాత్రమే మారింది. ఆ చోటు మార్పుతో ఎస్టరు కీటోను అయింది. పక్కనే ఒక హైడ్రాక్సిల్ మొలిచింది. అణువు గుణం, రంగు అన్నీ మారిపోయాయి. అదే నగ, అదే బంగారం. తీగ తిప్పి కట్టేసరికి గాజు ఉంగరమైనట్టు.

బొలోనా మిద్దె మీద గాజుబుడ్లు

ఈ చుట్టాన్ని వెలుగు లేకుండా కదిలించిన మొదటివాడు జర్మన్ రసాయనికుడు కార్ల్ ఫ్రీస్. ఆయన 1908లో ఫింక్ అనే సహచరునితో కలిసి ఈ చర్యను ప్రకటించాడు. ఆయన వాడింది అల్యూమినియం క్లోరైడు. ఆ పొడి కలిపి వేడి చేస్తే ఎస్టరులోని చుట్టం ద్వారం వదిలి వలయం మీదికి మారుతుంది. తక్కువ వేడిలో ఎక్కువగా ఎదురు మూలకు, ఎక్కువ వేడిలో పక్క మూలకు పోతుంది. దానికి ఫ్రీస్ పునర్విన్యాసమని పేరు వచ్చింది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. అల్యూమినియం క్లోరైడు చిటికెడు వేస్తే చాలదు. ఎస్టరుకు దీటుగా, అంతకంటె ఎక్కువగా కూడా వేయాలి. పని అయిన తరువాత దాన్ని నీళ్ళతో కడిగితే ఆమ్లపు మురుగు బోలెడంత మిగులుతుంది. మందుల కర్మాగారాల పక్కన కాపురమున్న ఊళ్ళవారికి ఆ మురుగు ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక వెలుగు కథ. ఇటలీలో బొలోనా విశ్వవిద్యాలయంలో జాకొమో చామిచాన్ అనే రసాయనికుడు ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలోనే గాజుబుడ్లలో రసాయనాలు పోసి మిద్దె మీద ఎండలో పెట్టి, ఏమవుతుందో పరీక్షించేవాడు. 1912లో న్యూయార్క్‌లో ఆయన చేసిన ఉపన్యాసం ఇప్పటికీ శాస్త్రజ్ఞులు తలచుకుంటారు. బొగ్గు ఏనాటికైనా అయిపోతుందనీ, పంటలు పండని ఎండనేలల మీద పొగా మసీ లేని కర్మాగారాలు వెలుగుతో నడిచే రోజు రావాలనీ ఆయన ఆశించాడు. అది చదివినప్పుడల్లా నాకు మాచర్ల చుట్టుపక్కల రాతినేలలు కళ్ళముందు ఆడతాయి.

1960లో కేంబ్రిడ్జిలో ఆండర్సన్, రీస్ అనే ఇద్దరు, అల్యూమినియం క్లోరైడు ఏమీ లేకుండా, అతినీలలోహిత కాంతి పడనిచ్చి, అదే చుట్టాన్ని అదే ఇంట్లో చోటు మార్పించారు. అప్పటినుంచి ఈ చర్యకు ఫ్రీస్ పేరు ముందు ఫోటో అన్న మాట చేరింది.

వాల్తేరులో పత్తి పువ్వు

ఈ విద్యకూ మన తెలుగునేలకూ చుట్టరికం లేకపోలేదు. 1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారు రసాయనశాస్త్ర ఆచార్యులుగా వచ్చారు. తమిళదేశంలో పుట్టినా, 1949లో ఢిల్లీ వెళ్ళేవరకు ఆయన మన పిల్లలకు చదువు చెప్పి, వాల్తేరును మొక్కల రంగుల పరిశోధనకు పెట్టింది పేరు చేశారు. ఆయనా, నీలకంఠంగారూ కలిసి తీసుకున్న వస్తువులలో ఒకటి పత్తి పువ్వు. అందులోని పసుపు రంగు పదార్థాలను విడదీసి, వాటి నిర్మాణం తేల్చారు. శేషాద్రిగారికి 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

పత్తి పువ్వు పసుపుకూ మన కథకూ సంబంధమేమిటంటారా? అలాంటి పసుపు పదార్థాలను ప్రయోగశాలలో తయారుచేయాలంటే, వలయం మీద ఒక మూల హైడ్రాక్సిల్, దాని పక్క మూలనే అసైల్ చుట్టం ఉన్న పదార్థం పునాదిరాయిగా కావాలి. ఫ్రీస్ చర్యలో పక్క మూలకు మారి పుట్టేది సరిగ్గా ఆ నమూనా పదార్థమే. పువ్వు తన కణాలలో మరొక దారిన కట్టుకునే నమూనాను రసాయనికుడు ఈ దారిన కడతాడు.

పత్తిచేల మీద తెల్లపొడి

ఇప్పుడు పత్తి పువ్వు దగ్గరనుంచి పత్తి పురుగు దగ్గరికి వద్దాం. కార్బరిల్ అనే మందును అమెరికాలో యూనియన్ కార్బైడ్ కంపెనీ 1950ల చివర సెవిన్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. మన దేశంలో కూడా పత్తిచేల మీద ఎన్నో ఏళ్ళు సెవిన్ పొడిని నీళ్ళలో కలిపి కొట్టారు. భోపాల్ కర్మాగారం పెట్టింది ఈ సెవిన్ కోసమే. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి అక్కడినుంచి వెలువడి వేలమందిని పొట్టన పెట్టుకున్న మిథైల్ ఐసోసయనేటు, సెవిన్ తయారీకి కావలసిన ముడిసరుకు. 2018లో మన ప్రభుత్వం కార్బరిల్‌ను నిషేధించింది.

కార్బరిల్ అచ్చంగా ఎస్టరు కాదు గాని ఎస్టరుకు వేలువిడిచిన చుట్టం, కార్బమేటు అంటారు. జంట వలయాల నాఫ్తాలు ద్వారానికి చిన్న ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎండ తగిలితే ఆ ముక్క తెగుతుంది. చాలా భాగం నాఫ్తాలుగా విడిపోతుంది. కొంత భాగం, మనం చెప్పుకున్నట్టే, తెగిన ముక్క పక్క మూల పట్టుకొని కొత్త పదార్థమవుతుందని ప్రయోగశాలల్లో గుర్తించారు. నాఫ్తాలైనా, చోటు మారిన పదార్థమైనా, పురుగును చంపే శక్తి కార్బరిల్‌కు ఉన్నంతగా వాటికి లేదు.

ఎండ ఒక్కటే కాదు, నీరు కూడా శత్రువే. మామూలు నీటిలో సగం కార్బరిల్ విరగడానికి పది పన్నెండు రోజులు పడితే, పి.హెచ్. తొమ్మిదికి చేరిన క్షారపు నీటిలో కొద్ది గంటలు చాలు. క్షారపు నీళ్ళ బావి ఉన్న రైతు తెల్లవారుజామున కలిపిన మందు మధ్యాహ్నానికి సగానికి సగం చచ్చిపోతే, తప్పు రైతుదా, మందుదా?

గురజాల వైపు మా బంధువు ఒకాయన ఏళ్ళ తరబడి పత్తి వేశాడు. వరసకు నాకు అల్లుడవుతాడు. ఒకసారి నాతో అన్నాడు:

“మామయ్యా, పొద్దున్నే కొట్టినవాడి చేలో పురుగు చస్తుంది. కూలీలు దొరక్క మిట్టమధ్యాహ్నం కొట్టినవాడి చేలో చావదు. మందు ఒకటే, డబ్బా ఒకటే. కొట్టువాడేమో మోతాదు పెంచమంటాడు.”

“మోతాదు కాదు నాయనా, వేళ మార్చుకో,” అన్నాను. “సాయంత్రం కొడితే రాత్రంతా మందు ఆకు మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. పురుగు కూడా చల్లబడ్డాకే పైకి వస్తుంది.”

“అయితే ఎండ తినే మందుకు మేము డబ్బు పోస్తున్నామన్నమాట!” అన్నాడతను. అంతకంటె చక్కగా నేను తరగతిలో ఎన్నడూ చెప్పలేదు.

ఎండను గెలిచే మందు కోసం శాస్త్రజ్ఞులూ పాటుపడ్డారు. చామంతి జాతి పూలనుంచి తీసే పైరెత్రమ్ మందు ఎండలో త్వరగా పాడైపోతుంది. దాని నమూనా మీదనే ఎండకు నిలబడే పర్మెత్రిన్‌ను 1973లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం తయారుచేసింది. ఆ జాతి మందులు మన పత్తిచేలకూ వచ్చాయి. రైతులు విరివిగా కొట్టారు. ఎండ వాటిని చెరపలేదు గాని పురుగు వాటికి అలవాటు పడిపోయింది. 1987-88 ప్రాంతాల ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పత్తి రైతులు పురుగుకు పంటా, అప్పుకు ప్రాణమూ పోగొట్టుకోవడం మనం చూశాం. ఎండను గెలిచినంత మాత్రాన అంతా గెలిచినట్టు కాదని అది నేర్పిన పాఠం.

రేకు పట్టే గొడుగు

ఇక మొదట వేసిన ప్రశ్నకు వద్దాం. వసారా మీద వేసే అద్దపు రేకు పాలికార్బనేటు అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దీన్ని తయారుచేశారు. కళ్ళజోళ్ళకూ, పాటల సీడీలకూ, మోటారు సైకిలు హెల్మెట్ల అద్దాలకూ ఇదే వాడారు. సుత్తితో కొట్టినా పగలదు.

దీని అణువు పొడవాటి గొలుసు. గొలుసులో ప్రతి లంకె దగ్గరా, బెంజీన్ వలయానికి ఆక్సిజన్ ద్వారం మీదుగా కార్బనేటు ముక్క అతుక్కొని ఉంటుంది. మనం చెప్పుకున్న తిరునాళ్ళే ఇక్కడా. 300 నానోమీటర్లకు దిగువ కిరణం తగిలితే లంకె తెగుతుంది. గట్టి ప్లాస్టిక్‌లో ముక్కలు పారిపోవడానికి అసలే చోటు లేదు. పక్క మూల పట్టుకుంటాయి. మొదట సాలిసిలేటు జాతి పదార్థం, అది మళ్ళీ మారితే డైహైడ్రాక్సీ బెంజోఫీనోను జాతి పదార్థం పుడతాయి. ఈ రెండోది పసుపు రంగుది. అదే మన రేకు మీద దిగిన పసుపులో ఒక పాలు. రెండో పాలు గాలిది. పొడవైన అతినీలలోహిత కిరణాలూ, గాలిలోని ఆక్సిజనూ కలిసి గొలుసును మరొక దారిన కొరుకుతాయి. గొలుసులు తెగినకొద్దీ రేకు పెళుసవుతుంది. ఎండ రంగు పూయలేదు. ఉన్న పరమాణువులనే మార్చి, నీలి వెలుగును మింగే అణువును పుట్టించింది. నీలం పోయిన వెలుగు మన కంటికి పసుపే గదా!

ఇక్కడే ప్రకృతి ఒక చమత్కారం చూపింది. పక్క మూలకు మారి పుట్టిన పదార్థానికి హైడ్రాక్సిల్, కీటోను రెండూ పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఒక హైడ్రోజన్ ఉయ్యాల ఊగుతుంది. అతినీలలోహిత కిరణం వచ్చి తగిలితే ఆ హైడ్రోజన్ ఇటునుంచి అటు గెంతి, మళ్ళీ వెనక్కు వస్తుంది. కిరణం బలమంతా ఆ గెంతులో వేడిగా మారి పోతుంది. బంధం తెగదు. అంటే ఎండ కొట్టిన దెబ్బలోనుంచి ఎండకు గొడుగు పుట్టిందన్నమాట!

ఈ కిటుకు శాస్త్రజ్ఞులు వదలిపెట్టలేదు. రిసార్సినాలు అనే పదార్థంతో చేసిన ఆరోమాటిక్ పాలిఎస్టరును ప్లాస్టిక్ మీద పల్చటి పూతగా వేస్తే, ఎండ తగిలినకొద్దీ ఆ పూతే పైపొరలో బెంజోఫీనోను గొడుగుగా మారి, కింద ఉన్నదాన్ని కాపాడుతుంది. మామూలు రేకులకైతే ఒకవైపున, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం మాత్రం ఉండే రక్షణ పొర పోసి అమ్ముతారు.

ఇల్లు కట్టుకునేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఆ పొర ఒక్కవైపే ఉంటుంది. ఏ వైపు ఆకాశానికి ఉండాలో రేకు మీద అతికించిన పల్చటి కవరు మీద అచ్చువేసి ఉంటుంది. పనివాడు తొందరలో రెండువైపులా కవరు పీకి, తిరగేసి బిగించాడంటే, పొర కిందికిపోయి, బోడి ప్లాస్టిక్ ఎండకు ఎదురు నిలుస్తుంది. మాచర్లలో ఒక ఇంట్లో ఆరు రేకులలో రెండు మాత్రమే ముందుగా పచ్చబడడం చూశాను. ఒకే కొట్టులో, ఒకే రోజు కొన్నవి. తిరగేసి బిగించారని తేలింది. ఇంటి యజమానురాలు, “ఈ మాట ముందు ఎవరూ చెప్పలేదే, బాబాయిగారూ!” అన్నది. ఆ రెండింటికీ మళ్ళీ డబ్బు పెట్టింది. బిగించే ముందు కవరు పీకవద్దని పనివాడికి ఒక్కమాట చెబితే సరిపోయేది.

కిటికీలో మందుసీసా

మన ఇళ్ళలో ఎండ చేరే మరొక చోటు మందుల అర. ఆస్పిరిన్‌నూ, పారాసెటమాల్‌నూ ఎస్టరు బంధంతో కలిపి బెనోరిలేట్ అనే మందును ఒకప్పుడు యూరప్‌లో కీళ్ళనొప్పులకు ఇచ్చేవారు. అది ఆరోమాటిక్ ఎస్టరు కావడం వల్ల, వెలుగు తగిలితే ఫోటో-ఫ్రీస్ దారిన మారిపోతుందని 1980లలో పరిశోధకులు చూపించారు. మారిన పదార్థం వైద్యుడు రాసిచ్చిన మందు కాదు. ఆస్పిరిన్ కూడా ఫీనాలు ఎస్టరే; దానికి ముఖ్య శత్రువు తేమ. తేమ తగిలితే అసైల్ చుట్టం ఊడిపోయి, సీసాలోనుంచి వెనిగరు వాసన వస్తుంది.

అన్ని మందులూ ఎండకు ఇలాగే మారతాయని కాదు. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క గుణం. కాని కొన్ని మందులు గోధుమరంగు సీసాలో రావడం అందం కోసం కాదని ఇంటివారందరూ గుర్తుపెట్టుకోవాలి. వెలుగు తగలకుండా ఉంచవలెనని చీటీ మీద రాసి ఉంటే, ఆ మాటకు అర్థం పల్నాటి కిటికీ గూట్లో పెట్టవద్దని. కిటికీ అద్దం కొన్ని కిరణాలనే ఆపుతుంది, అన్నిటినీ కాదు.

ఎండ కూలి లేని పనివాడు

ఎండ పాడుచేసే పనులే చెబితే న్యాయం కాదు. దాన్ని పనిలో పెట్టుకోగలిగితే? అల్యూమినియం క్లోరైడూ, దాని మురుగూ లేకుండా, వెలుగుతోనే ఫ్రీస్ చర్య జరిపించవచ్చు. అడ్డంకులు రెండు. ఒకటి, సరుకులు మూడు కలిసి వస్తాయి, విడదీయడం ఖర్చు. రెండోది, పుట్టిన గొడుగు పదార్థం తానే వెలుగును మింగి, కింద ఉన్న ఎస్టరుకు అందనివ్వదు.

మొదటి అడ్డంకికి భారతీయులే ఒక ఉపాయం చూపారు. 1996లో మధురై కామరాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన పిచ్చుమణిగారూ, అమెరికాలో ఉన్న వైద్యనాథన్ రామమూర్తిగారూ, సహచరులూ కలిసి జియోలైటు అనే ఖనిజాన్ని వాడారు. దానికి కంటికి కనబడనంత చిన్న గదులు ఉంటాయి. ఎస్టరును ఆ గదుల్లోకి దూర్చి వెలుగు పడనిస్తే, తమ్ముడు తప్పిపోవడానికీ చోటు లేదు, ఎదురు మూలకు తిరిగి పోవడానికీ చోటు లేదు. దాదాపు అంతా పక్క మూల సరుకే వస్తుంది. జనం చేసే పని ఇక్కడ గోడలు చేశాయి.

రెండో అడ్డంకికి, ద్రవాన్ని కుండలో కాక సన్నటి గొట్టంలో పల్చగా పారిస్తూ వెలుగు చూపడం ఒక మార్గం. పల్చటి ధారలో వెలుగు అడుగుదాకా పోతుంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైంది. అక్కడి కళాశాలలో, మాచర్లలో, గురజాలలో రసాయనశాస్త్రం చదివే పిల్లలకు నాదొక విన్నపం. ఖరీదైన దీపాలు లేవని చింతించవద్దు. బొలోనా మిద్దె మీద దొరికిన వెలుగు కంటె మీ కళాశాల మిద్దె మీది వెలుగు ఎక్కువే. మీ ఇంటి రేకు పచ్చబడడం, మీ నాన్నగారి మందు చచ్చిపోవడం, మీ తాతగారి మాత్ర రంగు మారడం వేరువేరు వింతలు కావు. వాటన్నిటి వెనుకా ఉన్నది తెగే బంధమూ, కొత్తగా పట్టుకునే చెయ్యీ. ఎక్కడ తెగుతుందో, ఎక్కడ పట్టుకుంటుందో ముందుగా చెప్పగలిగినవాడు రైతుకు ఒక తడవ మందు ఖర్చు మిగులుస్తాడు. నడివేసవిలో మందుడబ్బా భుజాన వేసుకొని పత్తిచేలో నిలబడే మనిషికి అది చిన్న లాభం కాదు.